పెళ్లిరోజు విందుకు డిస్నీ రిసార్టులో రెస్టారెంటు ఎంచుకోవడం ఎలా? నెల్లూరు దంపతులకు సమగ్ర మార్గదర్శి

మధ్యాహ్నం మూడున్నర. నెల్లూరులో అన్నాలు తిని, వీధి తలుపు దగ్గరకేసి, ఫ్యాను కింద నడుం వాల్చే వేళ. అదే నిమిషానికి ఫ్లోరిడాలో తెల్లవారి ఆరవుతుంది. ఓర్లాండో పక్కనున్న వినోద పార్కుల, హోటళ్ల సముదాయం వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 60 రోజుల తర్వాతి తేదీకి భోజనం టేబుళ్లు ఆన్‌లైన్‌లో తెరుచుకునేది అప్పుడే. పేరున్న చోట, సాయంత్రం పూట, ఇద్దరికి టేబుల్ కావాలంటే ఆ ఒక్కరోజు కునుకు మానుకోవాలి. చలికాలంలో అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. కాబట్టి నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మనకు అది నాలుగున్నర.

మాకు ఇదేమీ తెలియకుండానే మొదటిసారి అయిపోయింది. మా పెళ్లయి పాతికేళ్లు నిండిన మే నెలలో ఫ్లోరిడాలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లాం. "అక్కా, మీ పెళ్లిరోజుకు పెద్దచోట టేబుల్ తీసేశా" అన్నాడు వాడు, ఎంతో ప్రేమగా. పేరు చూసి తీసుకున్నాడు. మాకిచ్చింది వంటగది తలుపు పక్క టేబుల్. రాత్రి తొమ్మిది దాటింది. చుట్టూ నిద్రకు ఏడుస్తున్న పసిపిల్లలు. పైగా ఆ రోజు శనివారం, మా ఆయన శనివారం నీచు ముట్టరు. ఆయన ముందు ఉడికించిన కూరగాయల ప్లేటు ఒకటి పెట్టారు. ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరం గొంతు పెంచి మాట్లాడుకుని, తొందరగా లేచి వచ్చేశాం.

నాలుగు రోజులాగి ఈసారి నేనే కూర్చుని మెనూలు చదివాను, పొద్దు గుంకే వేళ చూసుకున్నాను, ఇంకోచోట టేబుల్ పట్టాను. ఆ సాయంత్రాన్ని ఇప్పటికీ తలుచుకుంటాం. రెండింటికీ మధ్య నాకు అర్థమైంది ఒకటే: రెస్టారెంటు పేరు అన్నిటికన్నా ఆఖర్న చూడాలి. ముందు ఏ వారమో, ఆ తర్వాత చోటు, వేళ, మెనూ. కింద రాసింది అదే వరస. అమెరికాలో ఉండి అమ్మానాన్నలకు టేబుల్ తీసే పిల్లలు కూడా ఇదే వరసలో వెళ్తే మంచిది.

మొదటి మెట్టు: క్యాలెండరు ముందు పెట్టుకోండి

పెళ్లిరోజు ఏ వారం వచ్చిందో చూడండి. మన ఇళ్లలో శనివారం వెంకటేశ్వరస్వామికని ఒకరు, సోమవారం శివుడికని ఒకరు, గురువారం సాయిబాబాకని ఇంకొకరు నీచు మానేస్తారు. కార్తీకమాసం వస్తే ఇంటిల్లిపాదీ మానేస్తారు. ఖరీదైన రెస్టారెంట్ల మెనూలో సగానికి పైగా మాంసం, చేపలే ఉంటాయి. ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తూ కూర్చునే విందుకు అంత డబ్బు పోయకండి. పెళ్లిరోజు నాడు గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకోండి, విందు మర్నాడు పెట్టుకోండి. తేదీ ఒకరోజు అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు.

రెండో సంగతి జెట్ లాగ్. అక్కడ రాత్రి ఏడంటే మన ఒంటికి తెల్లవారుజాము నాలుగున్నర. దిగిన మొదటి మూడు నాలుగు రోజులు పొద్దు వాలకముందే కళ్లు మూతలు పడతాయి, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఆకలేస్తుంది. అందుకే పెద్ద విందును విమానం దిగిన ఐదో రోజు తర్వాతే పెట్టుకోండి.

ఇంకొకటి, పార్కుకు వెళ్లిన రోజు వద్దు. పార్కంటే పొద్దున్నుంచి నడకే నడక. ఫ్లోరిడా ఎండ మన రోహిణి కార్తె ఎండంత కాకపోయినా ఉక్కపోత మాత్రం అచ్చం కోస్తాదే. చెమటోడ్చి, పాదాలు వాచి, బట్టలు మార్చుకోను కూడా వ్యవధి లేకుండా వెళ్లి కూర్చుంటే ఎంత గొప్ప వంటా రుచించదు. పార్కు లేని రోజు చూసి, మధ్యాహ్నం పడుకుని లేచి, స్నానం చేసి వెళ్లండి.

రెండో మెట్టు: ఎవరికి ఏం కావాలో విడివిడిగా చెప్పుకోండి

దీనికి పట్టేది రెండు నిమిషాలు. ఇద్దరూ ఒక్కో మాట చెప్పాలి. నేను "నిమ్మళంగా మాట్లాడుకోవాలి" అన్నాను. ఆయన "కంటికి ఏదన్నా కనపడాలి" అన్నారు. అంటే మాకు కావలసింది చప్పుడు తక్కువున్న చోట కిటికీ పక్క టేబుల్. అంతటితో సగం రెస్టారెంట్లు జాబితాలోంచి వాటంతటవే పోయాయి. "తిండే ముఖ్యం" అనే జంటకు వచ్చే జాబితా పూర్తిగా వేరు.

మూడో మెట్టు: పార్కు లోపలా, రిసార్టులోనా?

డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిచారు. నాలుగు పార్కులు, వాటి చుట్టూ పాతికకు పైగా హోటళ్లు. ఆ హోటళ్లనే రిసార్టులంటారు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, రిసార్టు రెస్టారెంటులో తినడానికి పార్కు టికెట్ అక్కర్లేదు, ఆ రిసార్టులో బస చేయనూ అక్కర్లేదు. టేబుల్ బుకింగ్ ఉంటే కారు గేటు దగ్గర పేరు చెప్పి లోపలికి వెళ్లొచ్చు. పార్కు లోపలి రెస్టారెంటుకైతే ఆ రోజు పార్కు టికెట్ తప్పనిసరి. మనిషికి వంద డాలర్లు దాటే టికెట్ కొని రెండు గంటలు భోంచేసి రావడం దండగ.

జంటగా వెళ్లేవాళ్లకు నా సలహా రిసార్టే. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో సిండ్రెల్లా కోట లోపలే భోజనం పెట్టే చోటుంది, పేరు సిండ్రెల్లాస్ రాయల్ టేబుల్. ఫొటోల్లో అంతకన్నా మనోహరమైన చోటు కనిపించదు. కానీ అది చిన్నపిల్లల కల. అక్కడ రాకుమార్తెలు టేబుళ్ల దగ్గరికి వస్తారు, పిల్లలు కేరింతలు కొడతారు, అందరూ ఫొటోలు తీసుకుంటారు. మనవరాలితో వెళ్తే మురిసిపోతారు. ఇద్దరే వెళ్తే మాత్రం మాట్లాడుకునే సందు దొరకదు.

నాలుగో మెట్టు: చోట్లను పక్కపక్కన పెట్టి చూడండి

అన్నిటికన్నా పైమెట్టు విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్. గ్రాండ్ ఫ్లోరిడియన్ రిసార్టులో 1988 నుంచి ఉంది. 2024లో దానికి మిషెలిన్ స్టార్ వచ్చింది, గొప్ప రెస్టారెంట్లకు ఇచ్చే గుర్తింపు అది. పదేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు కాబట్టి నిశ్శబ్దం ఖాయం. ఒకదాని తర్వాత ఒకటిగా చిన్న చిన్న వంటకాలు గంటల తరబడి వడ్డిస్తారు. ముందుగా చెబితే శాకాహారులకు వేరే వరస వండిపెడతారు. వంటకాన్ని చిత్రపటంలా చూసి ఆనందించే జంటకు ఇంతకు మించింది లేదు. కానీ రుచులన్నీ మెత్తన, ఉప్పు కారాలు లేశమాత్రం. గోంగూర పచ్చడి లేకుండా ముద్ద దిగని మనిషిని అక్కడికి తీసుకెళ్లి బాధపెట్టకండి.

కంటెంపరరీ రిసార్టు 15వ అంతస్తులో కాలిఫోర్నియా గ్రిల్ ఉంది. 1995లో తెరిచారు. మూడు వరసల భోజనం (ముందు చిరువంటకం, తర్వాత అసలు వంటకం, చివర తీపి), ఒకే ధర. అద్దాల్లోంచి సిండ్రెల్లా కోట, దాని పక్క చెరువు కనపడతాయి. రాత్రి కోట మీద బాణసంచా కాల్చేటప్పుడు లోపల దీపాలు తగ్గించి, ఆ పాటలు వినిపిస్తారు. బయట నడవాలో నిలబడి కూడా చూడొచ్చు. నేను రెండోసారి ఎంచింది ఇదే.

గ్రాండ్ ఫ్లోరిడియన్ దగ్గరే నీటి ఒడ్డున నార్కూసీస్ ఉంది. చేపలు, రొయ్యలు ఇష్టమైన వాళ్లకు అది. నీళ్ల మీద పడవల దీపాలు, ఆవలి ఒడ్డున కోట. సాయంత్రం పూట మైపాడు తీరాన కూర్చున్నంత తీరికగా ఉంటుంది.

నలుగురు చెప్పే పేర్లలో తరచూ తప్పిపోయేది సనా. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే రిసార్టులో, కిదానీ విలేజ్ వైపు ఉంటుంది. ధరలో పైవాటికన్నా చాలా కింద. ఆఫ్రికా వంటల్లో మన మసాలాలు కలిపి వండుతారు. కిటికీ అద్దం అవతల పచ్చిక మైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. అక్కడ అడగాల్సింది బ్రెడ్ సర్వీస్. నాన్, కుల్చా, పరాటా లాంటి రొట్టెలు ఒక బుట్టలో, చుట్టూ తొమ్మిది చిన్న గిన్నెల్లో చట్నీలు. పెరుగు రైతా, మామిడి చట్నీ, చింతపండు చట్నీ, వెల్లుల్లి ఊరగాయ, ఇలా వరసగా. ఒక రొట్టె తుంచి, ఇద్దరూ ఒకే గిన్నెలో ముంచుకుంటూ, "ఇది మన ఊరగాయ కాదు గానీ దాని చుట్టమే" అనుకుంటూ తిన్నాం. శనివారం మనిషికి కూడా కడుపు నిండుతుంది. హుందాతనం కొంచెం తక్కువైనా సరే, మసాలా కోరే మన నాలుకకు ఆ విశాలమైన డిస్నీ ప్రాంగణం మొత్తంలో నేను మొదట చెప్పే పేరు ఇదే.

రివియెరా రిసార్టు పైఅంతస్తులోని టొపొలినోస్ టెరస్ కూడా చూడదగ్గదే, ఫ్రెంచి, ఇటాలియన్ వంటలు. పొద్దున పూట అక్కడ డిస్నీ బొమ్మల సందడి. జంటకు తగింది రాత్రి భోజనం.

ఐదో మెట్టు: వేళ

నా దృష్టిలో రెస్టారెంటు కన్నా ఇదే ముఖ్యం. ఒకే టేబుల్, ఒకే వంట, గంట తేడాతో రెండు వేర్వేరు అనుభవాలు.

ఫ్లోరిడా మధ్యభాగంలో జూన్ చివర పొద్దు గుంకేది రాత్రి ఎనిమిది ఇరవై ప్రాంతంలో. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే. మనకు ఏడాది పొడుగునా ఐదున్నర, ఆరు ముప్పావు మధ్యే కాబట్టి ఈ తేడా ఊహకు అందదు. సనాలో డిసెంబరులో ఏడింటికి టేబుల్ తీసుకుంటే అద్దం అవతల కటిక చీకటి, జిరాఫీ కాదు కదా దాని నీడ కూడా కనపడదు. అక్కడికి ఎండాకాలంలో అయితే ఆరున్నరకు, చలికాలంలో అయితే పొద్దు గుంకకముందు దొరికే వేళకు వెళ్లాలి. "అంత పెందలాడే భోజనమా?" అనుకోకండి, ఆ దేశంలో చాలామంది ఐదు, ఆరుకే రాత్రి భోజనం చేస్తారు. ముందుగా వెళ్తే గది ఖాళీగా ఉంటుంది, కిటికీ దొరికే వీలూ ఎక్కువ.

కాలిఫోర్నియా గ్రిల్‌కైతే రెండు చూడాలి: పొద్దు గుంకే వేళ, బాణసంచా వేళ. బాణసంచా వేళ రోజురోజుకూ మారుతుంది, డిస్నీ యాప్‌లో ఆ తేదీ కొట్టి చూసుకోండి. పొద్దు గుంకడానికి ముక్కాలు గంట ముందు కూర్చునేలా టేబుల్ తీసుకోండి. భోజనం అయ్యేసరికి బాణసంచా ఇంకా మొదలవకపోతే కంగారు లేదు. ఆ రోజు అక్కడ తిన్నవాళ్లను, బిల్లు కాగితం చూపిస్తే, మళ్లీ పైకి రానిస్తారు. సరిగ్గా బాణసంచా నిమిషానికే టేబుల్ కోసం అందరూ ఎగబడతారు. మీరు ఆ పోటీలో పడకుండా ముందు వేళ తీసుకుని, కిందికి దిగి ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వెళ్లొచ్చు.

వాన సంగతి కూడా గుర్తుంచుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ మధ్యాహ్నాలు ఉరుముల వానలు ఎక్కువ. తుపాన్ల కాలం జూన్ నుంచి నవంబరు చివరి దాకా. మనకు నవంబరు వస్తే ఆకాశం వైపు ఎలా చూస్తామో వాళ్లు ఆగస్టులో అలా చూస్తారు. మెరుపులుంటే బాణసంచా ఆపేస్తారు. మీకు బాణసంచా చూడటమే ముఖ్యమైతే ఆ నెలల్లో పెళ్లిరోజు విందుకు రెండు తేదీలు అట్టే పెట్టుకోండి.

ఆరో మెట్టు: మెనూను మన కళ్లతో చదవండి

మెనూలన్నీ ధరలతో సహా డిస్నీ వెబ్‌సైటులో ఉంటాయి. ఇంట్లో కూర్చుని, ఇద్దరూ పక్కపక్కన, వరస వరసగా చదవండి. మొదట ఒక్కో వరసలో ఇద్దరికీ తినగలిగింది కనీసం ఒక్కటైనా ఉందా అని చూడండి. మూడు వరసల్లో ఒకచోట ఎవరికైనా ఏమీ లేకపోతే ఆ రెస్టారెంటు పక్కన పెట్టండి.

తర్వాత కనపడని వాటి కోసం వెతకండి. మా ఇద్దరికీ గొడ్డు మాంసం, పంది మాంసం పనికిరావు. చికెన్ అడిగితే సరిపోతుందనుకున్నాం. కానీ పెద్ద రెస్టారెంట్లలో చికెన్ మీద పోసే చిక్కటి గోధుమరంగు రసం చాలాసార్లు గొడ్డు ఎముకలు గంటల తరబడి కాచి తీసిందే. మెనూలో దాన్ని జూ అనో, డెమీ గ్లాస్ అనో రాస్తారు. బీన్స్‌లో, బంగాళాదుంపల్లో పంది మాంసం తునకలు వేస్తారు. శాకాహారులకైతే ఇంకా జాగ్రత్త కావాలి. సీజర్ సలాడ్ మీద పోసే దాన్లో చిన్న చేపలుంటాయి. రిసోట్టో అనే అన్నం వంటకాన్ని కోడిమాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. పర్మేజాన్ చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన తోడు కలుస్తుంది. తీపి వంటకాల్లో పన్నా కోటా, కొన్ని మూస్‌లలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. గుడ్డును వాళ్లు శాకాహారం కిందే లెక్కేస్తారు.

ఇవన్నీ విని భయపడకండి. డిస్నీ రెస్టారెంట్లలో అలర్జీలు, ఆహార నియమాలు అడగడం రోజూ జరిగేదే. బుకింగ్ చేసేటప్పుడే ఒక గడి ఉంటుంది, అందులో రాయండి. టేబుల్ దగ్గర కూర్చోగానే మళ్లీ చెప్పండి. "వెజిటేరియన్" అన్న ఒక్కమాటతో ఆపేయకుండా మాంసం వద్దు, చేప వద్దు, వాటిని ఉడికించిన నీళ్లు వద్దు, గుడ్డు వద్దు అని విడదీసి చెప్పాలి. కావాలంటే వంటమనిషితో మాట్లాడతామని అడగండి, మొహమాటం అక్కర్లేదు.

చేపల విషయం మన జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మనం పులుసులో మామిడికాయ ముక్కలేసి, రాత్రి వండి పొద్దున తినేవాళ్లం. వాళ్లు చేపను పెనం మీద పైపైన కాల్చి, లోపల మెత్తగా, ఒక్కోసారి కాస్త పచ్చిగా ఉంచుతారు. సాల్మన్ అయితే మరీను. "వెల్ డన్" అని అడిగితే పూర్తిగా కాల్చి ఇస్తారు. రొయ్యలు మాత్రం నిశ్చింతగా తినొచ్చు. మన చెరువుల్లో పెరిగిన వన్నామై రొయ్య ఏళ్లుగా అమెరికాకే పెట్టెలకొద్దీ వెళ్తోంది. ఏ ప్లేటులో ఉన్నది ఏ ఊరి చెరువుదో ఎవరు చెప్పగలరు! మా ఆయన బంధువులు రొయ్యల సాగు చేస్తారు, ఆయన ఒక రొయ్యను ఫోర్కుతో ఎత్తి, తిప్పి చూసి, "ముప్పై కౌంటు ఉంటుంది" అన్నారు, అంటే కిలోకు ముప్పై తూగే సైజు.

పెరుగన్నం దొరకదు. అది లేకుండా భోజనం ముగిసినట్టనిపించని వాళ్లు బసలో ఒక పెరుగు డబ్బా కొనిపెట్టుకోండి.

ఏడో మెట్టు: డబ్బు లెక్క పూర్తిగా వేసుకోండి

మెనూ మీద కనపడే ధర చివరి ధర కాదు. కాలిఫోర్నియా గ్రిల్ లాంటిచోట మనిషికి సుమారు 100 డాలర్లనుకుందాం. ఇద్దరికి 200. డిస్నీ వరల్డ్ ఉన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) అమ్మకం పన్ను 6.5 శాతం, అంటే 13 డాలర్లు. టిప్ 18 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడి మర్యాద, 20 శాతమైతే 40. మొత్తం 253 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున వేసుకుంటే 22,770 రూపాయలు, పానీయాలు కాకుండా. టిప్ దగ్గర మనవాళ్లు తటపటాయిస్తారు. అక్కడ వడ్డించే మనిషి జీతంలో పెద్దభాగం అదే. దాన్ని భోజనం ఖర్చులో భాగంగానే ముందే కలిపేసుకోండి. ఆరుగురు, అంతకన్నా ఎక్కువమంది వెళ్తే 18 శాతం బిల్లులోనే వేస్తారు, రెండుసార్లు ఇవ్వకుండా చూసుకోండి.

ఈ లెక్క చూసి గుండె జారితే సనాకు వెళ్లండి. అందులో సగం కూడా కాదు.

ఎనిమిదో మెట్టు: బుకింగ్

డిస్నీ యాప్‌లోనో వెబ్‌సైటులోనో ఖాతా ముందురోజే తెరిచి, పేరు, కార్డు వివరాలు ఎక్కించి ఉంచండి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి వాటిని తెరవకపోతే సరిగ్గా మూడున్నరకు కార్డు పనిచేయక టేబుల్ చేజారుతుంది. డిస్నీ హోటల్లోనే బస చేసేవాళ్లకు ఒక వెసులుబాటుంది: దిగే రోజుకు 60 రోజుల ముందు, ఆ రోజుతో పాటు బస ఉన్నన్ని రోజులకు, గరిష్ఠంగా పది రోజులకు, ఒకేసారి టేబుళ్లు తీసుకోవచ్చు. అందుకే వాళ్లు బసలో చివరి రోజులు చూసుకుంటే పోటీ తక్కువ.

టేబుల్ దొరకలేదా? వదిలేయకండి. చాలా రెస్టారెంట్లలో భోజనానికి రెండు గంటల ముందు దాకా రద్దు చేసుకున్నా రుసుము ఉండదు. అందుకని ముందురోజు రాత్రి, ఆ రోజు పొద్దున ఎన్నో టేబుళ్లు ఖాళీ అవుతాయి. నాకు కాలిఫోర్నియా గ్రిల్ అలాగే దొరికింది. పొద్దున కాఫీ తాగుతూ యాప్ తెరిచి చూస్తే ఏడుంపావుకు ఇద్దరికి ఖాళీ! చెప్పకుండా మానేస్తే మాత్రం మనిషికి పది డాలర్లు కార్డులోంచి పోతాయి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్‌కు నియమాలు ఇంకా కఠినం, బుక్ చేసేముందే చదువుకోండి.

పెళ్లిరోజు అని బుకింగులో రాయండి. పార్కులకు వెళ్లే రోజు గెస్ట్ రిలేషన్స్ కౌంటరులో అడిగితే పెళ్లిరోజు బ్యాడ్జీ ఊరికే ఇస్తారు. అది పెట్టుకుని తిరిగితే దారిన పోయేవాళ్లంతా శుభాకాంక్షలు చెబుతారు. మా ఆయన మొదట వద్దన్నారు, తర్వాత రోజంతా తీయలేదు.

తొమ్మిదో మెట్టు: ఆ సాయంత్రం

చీర నిస్సంకోచంగా కట్టుకోండి. నేను వెంకటగిరి జరీచీర కట్టుకున్నాను, అక్కడ పనిచేసే అమ్మాయి ఒకామె అంచు పట్టుకుని చూసి ఎక్కడ నేస్తారని అడిగింది. మగవాళ్లకు పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు చాలు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్‌కు కోటు ఉంటే నిండుగా ఉంటుంది. ఏసీ బాగా చల్లగా పెడతారు, శాలువా మరిచిపోవద్దు.

దారికి కనీసం గంట పెట్టుకోండి. కంటెంపరరీకి, గ్రాండ్ ఫ్లోరిడియన్‌కు మోనోరైలు ఉంది, మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి కంటెంపరరీకి నడిచినా పది నిమిషాలే. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ మాత్రం దూరంగా విసిరేసినట్టుంటుంది, బస్సో కారో తప్పదు. ఒక రిసార్టు నుంచి ఇంకో రిసార్టుకు నేరుగా బస్సు ఉండదు, మధ్యలో మారాలి. తమ్ముడో కొడుకో దింపితే సరే, లేకపోతే ట్యాక్సీ మేలు.

వేళకు పావుగంట ముందు వెళ్లి, "మా పెళ్లిరోజు, కిటికీ పక్క టేబుల్ ఉంటే కాసేపు ఆగడానికి మేం సిద్ధం" అని చెప్పండి. ముందుగా ఎవరికీ కిటికీ రాసి ఇవ్వరు. ఆగుతామని చెప్పినవాళ్లకు దొరికే అవకాశం ఎక్కువ. చూపించిన టేబుల్ వంటగది తలుపు పక్కో, నడిచే దారిలోనో ఉంటే కూర్చోకముందే మర్యాదగా ఇంకోటి అడగండి. కూర్చున్నాక అడగడం కష్టం. మొదటిరోజు మేం చేసిన పొరపాటు అదే.

వేరే దేశపు పార్కులకు వెళ్లేవాళ్లకు కూడా ఈ మెట్లే సరిపోతాయి. హాంకాంగ్ డిస్నీలాండ్ 2005లో, టోక్యో డిస్నీసీ 2001లో తెరిచారు. టోక్యో పార్కును ఆనుకునే ఉన్న మిరాకోస్టా హోటల్లో రేవు కనపడే రెస్టారెంట్లున్నాయి. అక్కడ చేపల పులుసు నీళ్లు దాదాపు అన్నిటిలో కలుస్తాయి కాబట్టి శాకాహారులు ఆరో మెట్టు రెండుసార్లు చదవండి.

ఆ రాత్రి మాకు దొరికింది కిటికీకి రెండో వరస టేబుల్. చాలింది. నీళ్ల మీద ఎర్రటి వెలుగు తగ్గుతూ పోవడం ఇద్దరం చూశాం. పెళ్లయిన కొత్తలో దర్గామిట్ట అద్దె ఇంట్లో ఒకే కంచంలో తిన్న రోజుల సంగతి ఆయనే ఎత్తారు. బాణసంచా మొదలవగానే బయట నడవాలోకి వెళ్లి నిలబడ్డాం. కోట మీద పువ్వులా వెలుగు విచ్చుకుంటుంది, ఒకటి, రెండు అని లెక్కపెట్టాక చప్పుడు వచ్చి చేరుతుంది. ఆయన పుట్టి పెరిగింది సూళ్లూరుపేటలో. శ్రీహరికోట రాకెట్లను మిద్దెక్కి చూసిన మనిషి. నా చెయ్యి పట్టుకుని, "మా మిద్దె మీద కూడా ఇట్టానే, ముందు వెలుగు, చాలాసేపటికి చప్పుడు" అన్నారు.

కిందికి దిగి మా తమ్ముడి కారు కోసం నిలబడినప్పుడు ఇంటికి ఫోన్ చేశాం. అక్కడ రాత్రి పది, నెల్లూరులో పొద్దున ఏడున్నర. మా అత్తగారు కాఫీ తాగుతూ ఎత్తారు.

"ఏం పెట్టారబ్బయ్యా అంత పెద్ద హోటల్లో?" అని అడిగారు.

"రొయ్యలమ్మా" అన్నారు ఆయన.